ఏకైక సంపాదకురాలు

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరో ఏట. ఒత్తులు ఇప్పటికీ అప్పుడప్పుడు ఒకరింటివి ఇంకొకరింటికి పోతుంటాయి. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. తప్పులుంటే మన్నించండి. ఇందులో ఉన్నవాళ్లందరూ పెద్దవాళ్లు. నా రాత బాగాలేనంత మాత్రాన వాళ్ల గొప్పతనాన్ని తక్కువగా చూడకండి.

ఎనభై రెండో సంవత్సరం మార్చి నెలలో, జెర్సీ సిటీలో ఒక చర్చి బేస్‌మెంట్‌లో, డాక్టర్ కొండల్ రావు గారు మడత కుర్చీ ఎక్కి నిలబడి ఒక ప్రకటన చేశారు.

"ఈ ఏడు మన సమితి తెచ్చే సావనీర్‌ల ఒక్క తప్పు కూడా ఉండదు. అమెరికాలనే కాదు, భూమండలం మీద ఇట్లాంటి సావనీర్ ఇదే మొదటిది."

బేస్‌మెంట్‌లో ఉన్న నలభై మందీ చప్పట్లు కొట్టారు. అప్పటికి సావనీర్‌లో ఒక్క పేజీ కూడా తయారు కాలేదు కాబట్టి, ఆయన అన్నది ఆ క్షణానికి అక్షరాలా నిజం.

కొండల్ రావు గారు హడ్సన్ తీర తెలుగు సమితికి వ్యవస్థాపక అధ్యక్షులు. ఏడేళ్లుగా వ్యవస్థాపిస్తూనే ఉన్నారు. పగలు ఒక రంగుల కంపెనీలో కెమిస్టు. సాయంత్రాలూ శనాదివారాలూ జాతి సేవ. ఆ జూలైలో సమితి మహాసభకు ఇండియా నుంచి ఒక మంత్రిగారు వస్తున్నారు. చెరువుల శాఖ చూసే గౌరవనీయులు నరసింహ గారు. మంత్రి వస్తున్నప్పుడు సావనీర్, అంటే సభ జ్ఞాపకంగా వేసే ప్రత్యేక సంచిక, ఉండాలి, సావనీర్‌లో తప్పు ఉండకూడదు. అందుకని ఆయన కుర్చీ దిగి, వెనక వరసలో కూర్చున్న శశికళ దగ్గరికి వెళ్లారు.

"శశికళమ్మా, అనౌన్స్ చేసేసిన. ఇంక నీదే భారం."

శశికళకు అప్పుడు ముప్ఫై ఆరేళ్లు. ఆరేళ్లుగా ఇంట్లోనే, వంటింటి బల్ల మీద, ఫ్రీలాన్స్‌గా ప్రూఫ్‌లు దిద్దుతోంది. కంపెనీలు పోస్టులో కట్టలు పంపేవి, ఆమె దిద్ది పోస్టులో తిప్పి పంపేది. మూత్రపిండాల గురించిన పుస్తకం ఒకటి, కుక్కల పెంపకం మీద మూడు, టెలిఫోన్ డైరెక్టరీలు చాలా. అన్నీ అచ్చయ్యాయి, అన్నీ అమ్ముడయ్యాయి. ఒక్కదానిలోనూ ఆమె పేరు లేదు. పుస్తకం బాగుంటే రచయిత గొప్ప, బాగులేకపోతే ప్రూఫ్‌రీడర్ ఎవరని అడుగుతారు. అది ఆ వృత్తి ధర్మం.

సరిగ్గా ఆ నెలలోనే మాన్‌హాటన్‌లోని ఒక ప్రచురణ సంస్థ భారతీయ భాషల వాచకాలు వేయబోతూ, తెలుగు చూసే ఎడిటర్ కోసం వెతుకుతోంది. ఆఫీసులో బల్ల, కుర్చీ, తలుపు మీద పేరు. మిసెస్ గ్రాంట్ అనే పెద్దావిడ శశికళను పిలిచి రెండు గంటలు మాట్లాడింది. అంతా నచ్చింది. చివరికి ఒక్క మాట అంది. "మీ పేరు ఎడిటర్‌గా అచ్చయిన తెలుగు పుస్తకం ఏదైనా ఒకటి చూపించండి. ఆగస్టు లోపల. మా బోర్డు కాగితం లేనిదే ఎవరినీ నమ్మదు."

అందుకని శశికళ, జీవితంలో మొదటిసారి, ఒక పనికి ముందే షరతు పెట్టింది.

"చేస్తానండీ. కానీ ఎడిటర్ అని నా పేరు వేయాలి."

"పేరుదేముందమ్మా, ఫస్టు పేజీల వేయిస్త," అన్నారు కొండల్ రావు గారు.

ఆ రోజుల్లో అమెరికాలో తెలుగు అచ్చక్షరాలు దొరికేవి కావు. సావనీర్ అంటే ఎవరో ఒకరు చేత్తో రాయాల్సిందే. ఆ రాసిన కాగితాలను ప్రెస్సువాడు పెద్ద కెమెరాతో ఫొటో తీసి, బాగా చిన్నగా కుదించి అచ్చు వేసేవాడు. మన వాళ్లలో ముత్యాల్లాంటి దస్తూరి భాస్కర్‌ది. ఇళ్ల ప్లానులు గీసే ఉద్యోగం. పెద్ద కాగితాల మీద, వేలెడంత అక్షరాలతో నల్ల సిరాతో రాసి తెచ్చేవాడు. శశికళ దాన్ని లేత నీలం పెన్సిల్‌తో దిద్దేది, అది చూసి భాస్కర్ నల్ల సిరాతో సరిచేసేవాడు. ఆ నీలం ప్రెస్సు కెమెరాకు కనబడదు. అందుకని సందేహాలు కాగితం మీదే, పేరా పక్కనే రాసుకోవచ్చు, తుడిచే పని లేదు. దిద్దేవాళ్లు ఎవరూ రచయిత మాటను మార్చరు. అనుమానం ఉంటే మర్యాదగా పక్కన అడుగుతారు. జవాబు రాయాల్సింది రాసినవాళ్లు.

మంత్రిగారి ప్రసంగం కూడా సావనీర్‌లో ముందుగానే వేయాలని నిర్ణయం. ప్రసంగం పంపమని ఉత్తరం రాస్తే, మంత్రిగారి పీఏ యాదయ్య గారు వెంటనే జవాబిచ్చారు. 'మీరే రాసుకోగలరు. మంత్రిగారికి అభ్యంతరం లేదు.' ఇంత విశాల హృదయం ఎంతమందికి ఉంటుంది? కొండల్ రావు గారు నిరుడు వచ్చిన మంత్రి ప్రసంగం ముందు పెట్టుకుని, అందులో రోడ్లున్న చోటల్లా చెరువులు పెట్టి, ఒక్క ఆదివారంలో పూర్తి చేశారు.

శశికళ అది చదివి నీలం పెన్సిల్ తీసింది. తర్వాత ఫోన్ చేసింది.

"అన్నయ్య గారూ, రెండో పేరాలో నూట ఎనభై చెరువులు తవ్వించామని ఉంది. ఐదో పేరాలో తొంభై అని ఉంది."

"రెండూ మంచి సంఖ్యలే గదమ్మా."

"ఏదో ఒకటే ఉండాలి కదండీ. పక్కన రాశాను, జవాబు చెప్పండి. మొత్తం ఆరు ఉన్నాయి."

"నీలం అచ్చుల పడదన్నవు గద?"

"పడదండీ."

"పడనిదానికి జవాబెందుకమ్మా?"

మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ ఆయన ఇదే తర్కంతో ఆమెను ఓడించారు. కాగితాలు నీలం ప్రశ్నలతో సహా ప్రెస్సుకు వెళ్లాయి, ప్రశ్నలు లేకుండా అచ్చయి వచ్చాయి.

ఈలోగా మొదటి పేజీ సంగతి జరుగుతోంది. ఏప్రిల్‌లో భాస్కర్ రాసి తెచ్చిన పేజీలో 'సంపాదకురాలు: శశికళ' అని ఉంది. వారం తర్వాత దాని పైన 'ప్రధాన సంపాదకులు: డాక్టర్ కొండల్ రావు' వచ్చింది. అధ్యక్షులు లేకుండా పత్రిక ఎలా? మహాసభకు వడలు వేయిస్తానన్న ఆయన గౌరవ సంపాదకులయ్యారు. వ్యాన్ ఉన్న ఆయన మేనేజింగ్ ఎడిటర్. మైకు తెస్తున్న ఆయన సాంకేతిక సంపాదకులు. మే నెలకు తొమ్మిది మంది సంపాదకులు తేలారు. వాళ్లలో ఇద్దరికి తెలుగు చదవడం రాదు. వాళ్లను సలహా సంపాదకులుగా వేశారు.

మనుషులు పైన చేరుతున్న కొద్దీ శశికళ కిందికి జరుగుతూ వచ్చింది. 'సంపాదక సహకారం' అయింది. 'ఇంకా తోడ్పడినవారు' అయింది. ప్రతిసారీ ఆ పేజీ దిద్దడానికి ఆమె దగ్గరికే వచ్చేది. ప్రతిసారీ ఆమె మిగతా తొమ్మిది పేర్లలో పొల్లులూ, దీర్ఘాలూ శ్రద్ధగా సరిచేసి పంపేది. ఆఖరి కాగితం తెచ్చిన రోజున భాస్కర్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"లోపలికి రావేంటి?" అంది శశికళ.

"అక్కా, ఇవాళ నువ్వు 'తదితరులు' అయిపోయావు."

ఆమె కాగితం తీసుకుని చూసింది. నిజమే, తదితరులలోనే ఉంది.

"పేజీ నిండిపోయిందట," అన్నాడు భాస్కర్. "చెప్పు అక్కా, నేను రాయనని కూర్చుంటా. ఆయనే రాసుకోవాలి. ఆయన దస్తూరి చూస్తే ప్రెస్సువాడు ప్రిస్క్రిప్షన్ అనుకుంటాడు."

శశికళ నవ్వింది గానీ, అతను వెళ్లాక చాలాసేపు ఆ కాగితం ముందే కూర్చుంది. మిసెస్ గ్రాంట్ బోర్డు ముందు తదితరులను పట్టుకెళ్లి ఏం చూపిస్తుంది? కొండల్ రావు గారికి ఫోన్ చేసింది.

"పేరు వేస్తానన్నారు కదండీ. నాకు ఆ ఒక్క లైనే కావాలి. ఉద్యోగం దాని మీదే ఉంది."

"అమ్మా, సేవ అన్నంక పేరు కోసం చూడొద్దు. నన్ను చూడు," అన్నారు ఆయన. ఆయన పేరు సావనీర్‌లో పదకొండు చోట్ల ఉంది. దిద్దింది ఆమే కాబట్టి లెక్క కచ్చితం.

జూలై వచ్చింది. ఊళ్లో హైస్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకున్నారు. నాలుగు వందల సావనీర్‌లు వంటశాలలో పెట్టెల్లో ఉన్నాయి. భోజనాల వేళ పంచాలి. మంత్రిగారు పదింటికే విచ్చేశారు. తెల్లటి బట్టలు, తెల్లటి నవ్వు. ఒక్కటే ఇబ్బంది. చదువుకునే కళ్లజోడు దారిలో ఏదో విమానాశ్రయంలో మర్చిపోయారు. సావనీర్ తెరిచి ప్రసంగం చూపిస్తే, అచ్చులో కుదించిన అక్షరాలు ఆయనకు చీమల బారులా కనిపించాయి.

"చదవలేనండీ," అన్నారు మంత్రిగారు. "నాలుగు మాటలు నా అంతట నేనే మాట్లాడనా?"

యాదయ్య గారు గబుక్కున అడ్డం వచ్చారు. "వద్దు సార్. పోయినసారి మీరు మీ అంతట మీరే మాట్లాడితే శాఖ మార్చిన్రు."

అప్పుడు కొండల్ రావు గారి బుద్ధి మెరుపులా పనిచేసింది. భాస్కర్ చేత్తో రాసిన అసలు కాగితాలు కారు డిక్కీలో ఉన్నాయి. వేలెడంత అక్షరాలు. పరిగెత్తి తెచ్చి ఇచ్చారు. మంత్రిగారు కళ్లకు దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసి సంతోషించారు. "ఇది బ్రహ్మాండంగా కనిపిస్తోంది."

ప్రెస్సు కెమెరాకు కనబడని నీలం మంత్రిగారి కళ్లకు కనబడుతుందన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ తట్టలేదు. మంత్రిగారిలో ఒక గొప్ప గుణం ఉంది. కాగితం మీద ఏముంటే అది చదువుతారు. అందులో భేదభావం చూపించరు.

"సోదర సోదరీమణులారా," అని మొదలుపెట్టారు. "నేను రైతు బిడ్డను. మట్టిలో పుట్టాను, మట్టిలో పెరిగాను. ఈ వాక్యం తీసేసినా అర్థం చెడదు."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఎంత వినయం అనుకున్నారు.

ఐదో వరసలో కూర్చున్న శశికళ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

"మా ప్రభుత్వం రెండేళ్లలో నూట ఎనభై చెరువులు తవ్వించింది," అన్నారు మంత్రిగారు. గొంతు పెంచారు. "కింద తొంభై అని ఉంది. ఏది నిజం?"

హాల్లో ఎవరో ఈల వేశారు. వెనక వరసలో ఒక పెద్దాయన పక్కాయనతో అన్నాడు. "సొంత ప్రభుత్వాన్నే నిలదీస్తున్నాడయ్యా. మగాడు."

"ప్రవాసాంధ్రుల కోసం రాజధానిలో త్వరలో ఒక భవనం నిర్మిస్తాం. ఈ మాట నిరుడు కూడా చెప్పారు. మళ్లీ కావాలా?"

"కావాలి," అని హాలంతా అరిచింది.

మంత్రిగారికి ఉత్సాహం వచ్చింది. ముప్ఫై ఏళ్ల రాజకీయ జీవితంలో ఆయన ప్రసంగానికి ఇంత జవాబు ఎప్పుడూ రాలేదు. "ప్రతి గ్రామానికీ నీరందిస్తాం. ఒక్క ఊరి పేరైనా చెబితే బాగుంటుంది."

ఇంక ఆపడం ఎవరి వల్లా కాలేదు. డాక్టర్లు లేచారు, ఇంజనీర్లు లేచారు. ఇరవై ఏళ్లుగా ఊరి ముఖం చూడనివాళ్లు కూడా ఊరి పేరు గట్టిగా అరిచారు. "మాది పెదపాడు పక్కన అగ్రహారం," "మా ఊళ్లో చెరువు ఉందండీ, నీళ్లే లేవు," "ఏయ్, ముందు నేను లేచాను." యాదయ్య గారు వేదిక మెట్ల మీద కూర్చుని, దొరికిన పేపరు నాప్‌కిన్‌ల మీద ఊళ్ల పేర్లన్నీ రాసుకున్నారు.

కొండల్ రావు గారు ఇదేమీ చూడటం లేదు. రెండో నీలం వాక్యం దగ్గరే ఆయన వంటశాలలోకి వెళ్లిపోయారు. వెనకే మిగతా ఎనిమిది మంది సంపాదకులూ వెళ్లారు. అత్యవసర సమావేశం.

"మంత్రిగారికి ఘోర అవమానం జరిగింది," అన్నారు అధ్యక్షులు. "ప్రసంగం అయిపోంగనే తెలుస్తది ఆయనకు. ఎవరు బాధ్యులని అడుగుతరు."

"మొదటి పేజీలో మన పేర్లే ఉన్నాయి," అన్నాడు వడల సంపాదకుడు, పెట్టెలోంచి ఒక సావనీర్ తీసి చూస్తూ. అంతవరకూ ఆయన దాన్ని తెరవలేదు.

"నాకు తెలుగు చదవడమే రాదని అందరికీ తెలుసు," అన్నాడు ఒక సలహా సంపాదకుడు.

తీర్మానం ఏకగ్రీవంగా జరిగింది. ఏడేళ్లలో అది మొదటిది. భాస్కర్‌ను పిలిపించి ఒక చీటీ రాయించారు. స్కూలు ఆఫీసులో కాపీ మెషీన్ ఉంది. నాలుగు వందల కాపీలు తీసి, మొదటి పేజీలో తొమ్మిది పేర్లూ కనబడకుండా అంటించాలి. అయితే తప్పు లేని సావనీర్ అని ప్రకటించారు కదా. అలవాటు కొద్దీ చీటీని దిద్దించడానికి శశికళను పిలిచారు.

ఆమె నిలబడే చదివింది.

'ఈ సావనీర్‌లోని ప్రతి అక్షరానికీ, రాతప్రతి మీద ఉన్న ప్రతి ప్రశ్నకూ సంపూర్ణ బాధ్యురాలు, ఏకైక సంపాదకురాలు శ్రీమతి శశికళ. ఈ పనిలో కార్యవర్గంలోని ఏ ఒక్కరికీ ఎటువంటి పాత్రా లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. డాక్టర్ కొండల్ రావు, అధ్యక్షులు.' కింద సమితి ముద్ర.

"ఏమనుకోకమ్మా," అన్నారు కొండల్ రావు గారు గోడ వైపు చూస్తూ. "సంస్థ బతకాలె గద."

శశికళ మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఒక్క సందేహమండీ. 'ఏకైక' అన్నది ఉంచాలా?"

"ఉంచాలె. తప్పకుండ ఉంచాలె."

"'ఏ ఒక్కరికీ ఎటువంటి పాత్రా లేదని' అన్నది?"

"అది ముఖ్యం."

"అయితే తప్పులేమీ లేవు," అని ఆమె కాగితం తిరిగి ఇచ్చేసింది.

స్కూలు పిల్లల జిగురు సీసాలు తెచ్చారు. తొమ్మిది మందీ చొక్కా చేతులు మడిచి బల్ల చుట్టూ నిలబడ్డారు. ఒకరు జిగురు రాస్తే ఒకరు అంటించారు, ఒకరు అదిమారు. సావనీర్ కోసం సంపాదకవర్గం మొత్తం కలిసి పనిచేసింది ఆ గంటసేపే. చూడముచ్చటగా ఉండిందని భాస్కర్ అన్నాడు.

ప్రసంగం అయిపోయింది. హాలు మూడు నిమిషాలు నిలబడి చప్పట్లు కొట్టింది. మంత్రిగారు చెమట తుడుచుకుంటూ భోజనాల దగ్గరికి వచ్చి కొండల్ రావు గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"నా జన్మలో ఇలాంటి ప్రసంగం చేయలేదండీ. ఎవరు రాశారు?"

కొండల్ రావు గారికి పరిస్థితి గ్రహించడానికి రెండు క్షణాలు పట్టింది. అంతకంటే ఎక్కువ పట్టే మనిషి కాదు. "సమష్టి కృషి సార్. తొమ్మిది మందిమి కలిసి..."

అప్పటికే మంత్రిగారు యాదయ్య గారి చేతిలోని సావనీర్ వైపు చూస్తున్నారు. యాదయ్య గారు చీటీ పైకి చదివారు. 'ఏ ఒక్కరికీ ఎటువంటి పాత్రా లేదని' దగ్గర మరీ స్పష్టంగా చదివారు.

"చాలా నిజాయితీ గల సంస్థ," అన్నారు మంత్రిగారు. "చేయని పనికి పేరు కోరుకోరు. ఎక్కడా చూడలేదు."

ఆ మధ్యాహ్నం అంతా తొమ్మిది మంది సంపాదకులు హాలు నాలుగు మూలలా తిరుగుతూ, అతిథుల చేతుల్లోంచి సావనీర్‌లు తీసుకుని గోళ్లతో చీటీలు గీరుతూనే ఉన్నారు. జిగురు మంచి రకం. చీటీతో పాటు కింది కాగితం కూడా ఊడి వచ్చింది. చీటీ ఉన్న చోట శశికళ మిగిలింది, చీటీ తీసిన చోట ఎవరూ మిగల్లేదు.

సాయంత్రం యాదయ్య గారు శశికళను వెతుక్కుంటూ వరండాలోకి వచ్చారు.

"అమ్మా, మంత్రిగారు అడగమన్నరు. నూట ఎనభయ్యా, తొంభయ్యా? ఏది నిజం?"

"అది నేను మిమ్మల్ని అడిగిందే కదండీ," అంది శశికళ.

"మా దగ్గర గట్ల రాసి పెట్టిన కాగితం ఏం లేదమ్మా. మీరు ఏదంటే అదే."

"నేను సంఖ్యలు మార్చనండీ. రెండు చోట్లా ఒకటే ఉండాలి, అంతవరకే నా పని."

యాదయ్య గారు స్తంభానికి ఆనుకున్నారు. జేబులోంచి పెన్ను తీసి సావనీర్‌లో రెండు చోట్లా కొట్టేసి, రెండు చోట్లా నూట ముప్ఫై అయిదు అని రాసుకున్నారు. "ఇద్దరికీ న్యాయం," అన్నారు. రాష్ట్రానికి ఆ ఒక్క పెన్నుపోటుతో నలభై అయిదు చెరువులు పోయాయా, వచ్చాయా అన్నది ఆమె అడగలేదు.

సోమవారం శశికళ ఒక సావనీర్, చీటీకి తన ఇంగ్లీషు అనువాదం కలిపి మిసెస్ గ్రాంట్‌కు ఇచ్చి వచ్చింది. ఆవిడ రెండుసార్లు చదివి, ఇంత గట్టి ధ్రువపత్రం తను ఎప్పుడూ చూడలేదంది. అయినా బోర్డు పద్ధతి ప్రకారం ఒక మాట అడిగి నిర్ధారించుకోవాలని అధ్యక్షుల వారికి ఫోన్ చేసింది. ఆ ఫోన్ సంగతి కొండల్ రావు గారి భార్య విజయశ్రీ గారు మాకు చెప్పారు. ఆవిడ పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్నారట.

"ఇది మెచ్చుకోవడానికా మేడమ్, సంజాయిషీకా?" అని కొండల్ రావు గారు మొదట తెలుసుకోబోయారు.

రెండూ కాదంది మిసెస్ గ్రాంట్. పని ఎవరు చేశారో తెలిస్తే చాలంది.

ఆయన రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి భార్య వైపు తిరిగారు. "పని ఎవరు చేసిన్రని అడుగుతున్నది. ఏం చెప్పాలె?"

"తెలిసింది చెప్పండి," అన్నారు విజయశ్రీ గారు.

ఆయన రిసీవర్ మీంచి చెయ్యి తీశారు.

"మేడమ్, మా సమితి పెట్టి ఏడేళ్లయింది. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

మిసెస్ గ్రాంట్ థాంక్స్ చెప్పి, తనకు కావాల్సిన జవాబు దొరికిందని ఫోన్ పెట్టేసిందట. ఆ పై మంగళవారం పొద్దున ఏడున్నర రైలుకు శశికళ మాన్‌హాటన్‌లో కొత్త ఉద్యోగానికి వెళ్లింది.

కొండల్ రావు గారు మాత్రం ఆ ప్రశ్నను వదిలిపెట్టలేదు. కొత్త విషయం వస్తే తోసేసే మనిషి కాదు. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో చేర్చమన్నారు. ఆఖరున, 'అధ్యక్షుల వారి అనుమతితో ఇతర విషయాలు, సమయం ఉంటే' అన్న చోట.

అన్నపూర్ణ
వయసు డెబ్భై మూడు
ఒకప్పుడు జెర్సీ సిటీ, ఇప్పుడు శాన్ రామన్, కాలిఫోర్నియా